“ఏం లేదు సార్” అన్న తర్వాత ఏం చేయాలి?

తమ కింద పనిచేసేవారి కష్టం గురించి పై అధికారులు రాసిన ఉత్తరాలకే ఈసారి ఈ శీర్షికను కేటాయించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు, ఊళ్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖకు మేనేజరుగా పనిచేస్తున్నాను. మా ఫీల్డ్ ఆఫీసరు చిన్నవాడు, ముప్ఫై నిండలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. మొదటి ఏడాది ఎంత చురుగ్గా పనిచేశాడంటే రైతులు అతని పేరు చెప్పుకుని శాఖకు వచ్చేవారు. రెండు నెలలుగా మనిషి మారిపోయాడు. పంట రుణాల రెన్యువల్ కాగితాలు బల్ల మీద పేరుకుపోతున్నాయి, పొలం తనిఖీ నివేదికలు రాయడం లేదు, ఉదయం పదిన్నర దాటాక వస్తున్నాడు, మధ్యాహ్నం మాతో కలిసి భోజనం చేయడం మానేశాడు. మొన్న ఒక పెద్దాయన మీద అందరి ముందూ అరిచాడు. “ఏమైనా సమస్యా బాబూ” అని రెండుసార్లు అడిగితే “ఏం లేదు సార్” అన్నాడు. రీజినల్ ఆఫీసుకు చెబితే అతని సర్వీసుకు మచ్చ పడుతుందేమోనని భయంగా ఉంది. చెప్పకపోతే రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఒక ఉద్యోగి కష్టంలో ఉన్నాడా లేదా అన్నది తెలుసుకోవాలంటే అతన్ని పక్కవారితో కాక, మునుపటి అతనితోనే పోల్చి చూడాలి. మీరు చేసింది అదే. ముభావంగా ఉండడం, ఆలస్యంగా రావడం కొందరికి మొదటినుంచీ ఉన్న అలవాట్లే కావచ్చు. రైతులతో అంత కలుపుగోలుగా ఉన్న మనిషి రెండు నెలల్లో ఒక పెద్దాయన మీద అరిచే స్థితికి వచ్చాడంటే మాత్రం దాన్ని క్రమశిక్షణ లోపమని ముందే తీర్మానించడం తొందరపాటు. ‘డిప్రెషన్’ అని పేరు పెట్టేయడమూ అంతే తొందరపాటు. అతనికి జబ్బు ఉందో లేదో చెప్పవలసినవాడు డాక్టరు. అయితే అతని మీద ఎంత పని ఉండాలి, అది ఎప్పటికి పూర్తి కావాలి, ఎవరు తోడుండాలి అన్న మూడు విషయాలూ ఏ డాక్టరు చేతిలోనూ లేవు, మీ చేతిలోనే ఉన్నాయి. మంచి మేనేజర్లు కూడా తమకు చేతకాని మొదటి పనిలోకి దిగి, తమకు మాత్రమే సాధ్యమైన రెండో పనిని వదిలేయడం నేను తరచుగా చూస్తున్నాను.

ముందుగా ఆ “ఏం లేదు సార్” సంగతి చూద్దాం. అతని వార్షిక నివేదిక రాసేది మీరు. సెలవు మంజూరు చేసేదీ, బదిలీకి సిఫారసు చేసేదీ మీరే. అలాంటి మనిషి క్యాబిన్‌లో కూర్చుని సమస్య ఏమిటని అడిగితే, నిజం చెబితే ఏం పోతుందోనన్న లెక్క ఎవరి మనసులోనైనా మెదులుతుంది. కాబట్టి ఆ జవాబును అబద్ధంగానో మొండితనంగానో తీసుకోకండి. ఇప్పుడే చెప్పలేనని అతను మీకు మర్యాదగా చెప్పినట్టు భావించండి. మూడోసారి అదే ప్రశ్న అడిగితే అదే జవాబు వస్తుంది.

అడిగే తీరు, అడిగే చోటు రెండూ మార్చండి. ఖాతాదారులు తలుపు తోసుకుని వచ్చే క్యాబిన్‌లో, రీజినల్ ఆఫీసు వీడియో కాన్ఫరెన్సుకు పావుగంట ముందు, లేదా రోజు లెక్కలు మూసే డే ఎండ్ పని ముగించి చివరి బస్సు అందుకునే తొందరలో ఇలాంటి మాట మొదలుపెట్టకూడదు. మీ వృత్తిలో ఒక సౌకర్యం ఉంది: మేనేజరూ ఫీల్డ్ ఆఫీసరూ కలిసి పొలం తనిఖీకి వెళ్లడాన్ని ఎవరూ వింతగా చూడరు. ఒక పూట అలా ఇద్దరే వెళ్లండి. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ చెప్పలేని మాటలు చాలామంది పక్కపక్కన నడుస్తూ చెప్పగలుగుతారు. ఇది మెమోకు ముందు జరిగే విచారణ కాదని మొదటి వాక్యంలోనే చెప్పండి. తర్వాత మీరు చూసినవి మాత్రమే చెప్పండి. “నువ్వు డల్‌గా ఉంటున్నావు” అనకుండా, “జూన్‌లో వారానికి ఎన్ని రెన్యువల్స్ చేశావో నాకు తెలుసు, ఈ నెల చాలా తగ్గాయి, మధ్యాహ్నం భోజనానికి రావడం లేదు, నువ్వు బాగున్నావా లేదా అని నాకు ఆందోళనగా ఉంది” అనండి. ఆ తర్వాత మౌనం వస్తుంది. దాన్ని సలహాలతో నింపకండి. “మా రోజుల్లో ఇంతకన్నా కష్టపడ్డాం”, “పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి”, “ధైర్యంగా ఉండు” అనే మాటలు ఎంత ప్రేమతో అన్నా, వినేవారికి ఇక మాట్లాడవద్దన్నట్టుగానే తోస్తాయి.

అప్పటికీ చెప్పకపోతే చెప్పనక్కర్లేదు. అతని పని తేలిక చేయడానికి అతని రహస్యం మీకు తెలియవలసిన అవసరం లేదు. “కారణం నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. పనిలో ఏ భాగం నిన్ను ఎక్కువగా కుంగదీస్తోందో అది మాత్రం చెప్పు” అని అడిగితే, మొదటి ప్రశ్నకు నోరు విప్పనివారు కూడా చాలాసార్లు జవాబిస్తారు. పనిలో ఒత్తిడి పుట్టే చోట్లను బ్రిటన్‌లోని ఆరోగ్య భద్రతా సంస్థ 2004లో ఆరుగా గుర్తించింది: పని భారం, పని చేసే తీరు మీద తనకున్న అదుపు, అందే ఆసరా, తోటివారితో సంబంధాలు, తన పాత్ర మీద స్పష్టత, మార్పులను జరిపే పద్ధతి. మీ ఫీల్డ్ ఆఫీసరును ఈ ఆరింటి ముందు నిలబెట్టి చూడండి. రెన్యువల్స్, రికవరీ, డ్వాక్రా సంఘాల రుణాలు, బంగారు రుణాలు, మధ్యలో బీమా పాలసీల క్యాంపెయిన్, ఇవన్నీ ఒక్కడి మీదే పడుతున్నాయి. ఏది ముందు చేయాలో అతను నిర్ణయించుకోలేడు, ఉదయం వచ్చిన ఫోన్ నిర్ణయిస్తుంది. రైతుకు రుణం ఇచ్చేటప్పుడు ఆప్తుడిగా, వాయిదా దాటగానే వసూలుదారుగా అతనే అదే గడప ఎక్కాలి. ఊళ్లో అతనికి తెలిసినవారంతా బ్యాంకు ఖాతాదారులే కాబట్టి సాయంత్రం టీ కొట్టు దగ్గర కూడా అతను ఉద్యోగంలోనే ఉంటాడు. సొంత జిల్లాకు దూరంగా ఒంటరిగా ఉన్నవాడికి ఈ చివరి విషయం చిన్నది కాదు.

ఇక మీరు చేయగలిగినవి. పెండింగు కాగితాలన్నీ ఇద్దరూ ఒక పూట కూర్చుని విడదీయండి: ఈ వారం కదలకపోతే రైతుకు నష్టం కలిగించేవి ఒకవైపు, నెలాఖరు దాకా ఆగగలిగేవి ఒకవైపు, అసలు వేరొకరు చేయగలిగేవి ఒకవైపు. గడువు దాటిన ఖాతాల భయమే అతన్ని నిద్రపోనివ్వకపోతే, వాయిదా దాటి తొంభై రోజులైతే మొండిబకాయి అనే మామూలు లెక్క పంట రుణాలకు వర్తించదని, స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలాలు దాటాకే ఖాతా మొండిబకాయి అవుతుందని అతనికి తెలిసిన విషయమే అయినా మళ్లీ గుర్తు చేసి, ఏ ఖాతా నిజంగా ప్రమాదంలో ఉందో జాబితా రాయండి. భయం మొత్తంగా ఉన్నప్పుడు పెద్దదిగా కనిపిస్తుంది, కాగితం మీద పేర్లుగా మారాక దానికి ఒక హద్దు ఏర్పడుతుంది. బీమా క్యాంపెయిన్ టార్గెట్‌ను ఆరు వారాల పాటు అతని పేరు మీద నుంచి తీసేయండి. రీజినల్ ఆఫీసు రివ్యూ ఫోన్లకు మీరే జవాబివ్వండి. శాఖ వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదింటికి పేర్లతో సహా అంకెలు పెట్టి “ఎవరు వెనకబడ్డారో చూసుకోండి” అనే అలవాటు ఉంటే, దాన్ని అతని కోసం మాత్రమే కాదు, అందరి కోసం ఈ రోజే ఆపండి.

ఒక జాగ్రత్త ముఖ్యమైనది. నిద్రలేని మనిషి చేతిలో ఇద్దరి ఉమ్మడి బాధ్యతలో ఉండే (జాయింట్ కస్టడీ) తాళాలు, తాకట్టు బంగారం పరిశీలన, పెద్ద మొత్తాల ఆథరైజేషన్ ఉంచకండి. అతని నిజాయతీ మీద అనుమానంతో చెబుతున్న మాట కాదు ఇది. అలసటలో జరిగిన ఒక్క పొరపాటు బ్యాంకులో ఏళ్ల తరబడి విచారణగా వెంటాడుతుంది, ఇప్పుడు అతను దాన్ని తట్టుకోలేడు. ఈ కారణాన్ని అతనికి సూటిగా చెప్పి, రాతపూర్వకంగా బాధ్యతలు మార్చండి. తోటివారు సాయం చేస్తున్నామనుకుని అతని పాస్‌వర్డుతో పని ముగించే అలవాటు కొన్ని శాఖల్లో ఉంటుంది. దాన్ని అసలు జరగనివ్వకండి. సున్నితమైన బాధ్యతల్లో ఉన్నవారిని ఏటా ఒకే విడతలో కనీసం పది పనిదినాలు ముందస్తు సమాచారం లేకుండా సెలవుపై పంపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి ఉంది. దాని సాకుతో అతన్ని ఇంటికి పంపితే బాగుంటుందన్న ఆలోచన రావచ్చు. వద్దు. అది మోసాల నివారణ కోసం పెట్టిన నిబంధన. అసలే తనను అనుమానిస్తున్నారేమోనని నలుగుతున్న మనిషికి అది ఇంకో దెబ్బ అవుతుంది. సెలవు అవసరమైతే సిక్ లీవు ఉంది. సగం జీతం మీద వచ్చే ఆ సెలవును రెట్టింపు రోజులు ఖర్చుపెట్టి పూర్తి జీతానికి మార్చుకోవచ్చన్న సంగతి కొత్తగా చేరినవారికి చాలాసార్లు తెలియదు. మీరే చెప్పండి.

రీజినల్ ఆఫీసుకు చెప్పాలా అన్నది మీ అసలు సందేహం. పని గురించి చెప్పండి, మనిషి మనసు గురించి చెప్పకండి. “ఖరీఫ్ రెన్యువల్స్ ఇన్ని పెండింగులో ఉన్నాయి, ఆరు వారాలకు ఒక అధికారిని డెప్యుటేషన్ మీద ఇవ్వండి” అని రాస్తే మీ బాధ్యత నెరవేరుతుంది, ఆడిట్‌కు జవాబూ ఉంటుంది, అతని గురించి ఊహతో కూడిన ఒక్క మాట కూడా ఫైలులోకి ఎక్కదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా ఉండాలని వైద్య సిబ్బందిని ఆదేశిస్తోంది. మేనేజరు కూడా అదే పద్ధతి పాటించడం ధర్మం. తోటి ఉద్యోగులు “అతని పని మేమెందుకు చేయాలి” అని అడుగుతారు. వారికి కారణం చెప్పనక్కర్లేదు గానీ గడువు చెప్పాలి: ఈ ఏర్పాటు ఫలానా తేదీ వరకు, ఆ రోజు మళ్లీ చూసుకుందాం. గడువు లేని సాయం ఇచ్చేవారినీ తీసుకునేవారినీ కూడా ఇబ్బంది పెడుతుంది.

డాక్టరు మాట ఎప్పుడు ఎత్తాలి? దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు మించి సాగితే వైద్యుడిని కలవవలసిందే. మీరు రెండు నెలలని రాశారు. ముందు ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరకు వెళ్లమనండి. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి, పైగా ఆ గడప తొక్కడానికి అతనికి సంకోచం ఉండదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, కాబట్టి శాఖలో ఎవరికీ తెలియకుండా గదిలో నుంచే ఫోన్ చేసుకోవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది వరకు మానసిక రుగ్మతలున్నవారికి చికిత్స అందడం లేదని తేలింది. మంచి పై అధికారి చెప్పిన ఒక మాట వల్ల అందులో ఒకరు తగ్గినా అది గొప్ప మేలు. ఆరోగ్య బీమాలో శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ రక్షణ కల్పించాలని అదే 2017 చట్టం చెబుతోంది. బ్యాంకు గ్రూపు పాలసీ వివరాలు అతనికి తెప్పించి ఇవ్వండి.

“నేను లేకపోతే అందరికీ హాయి” లాంటి మాట అతని నోట వస్తే మాత్రం పైన చెప్పిన ఓపికలన్నీ పక్కన పెట్టాలి. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవారికి కబురు చేయండి, మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి మీరే వెంట వెళ్లండి, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. గోప్యత నియమం ఇక్కడ వర్తించదు. పోలీసు కేసు అవుతుందని సందేహించి ఆలస్యం చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలోని 115వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ప్రభుత్వోద్యోగిపై ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నాన్ని మినహాయిస్తే, పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 309వ సెక్షన్‌లోని ఆత్మహత్యాయత్న నేరమే లేదు.

ప్రశ్న: హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. నా టీములో ఒకమ్మాయి వాళ్లమ్మగారికి క్యాన్సర్ చికిత్స జరుగుతోంది. తను పగలు ఆసుపత్రి, రాత్రి క్లయింట్ కాల్స్‌తో నలిగిపోతుండడం చూసి, కాల్స్ నుంచి తప్పించి చిన్న టెస్టింగ్ పని అప్పగించాను. ఆ అమ్మాయి అప్పటినుంచి నాతో ముభావంగా ఉంటోంది. “అక్క నన్ను పక్కన పెట్టేసింది” అని వేరొకరితో అందట. మేలు చేయబోతే ఇలా అయ్యింది.

జవాబు: మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ అమ్మాయిని అడగకుండా చేశారు, లోపమంతా అక్కడే ఉంది. ఉద్యోగాల కోతల వార్తలు వింటూ పనిచేస్తున్న రంగంలో, క్లయింట్‌కు కనిపించే పని పోయిందంటే తర్వాతి మెట్టు ఏ ప్రాజెక్టూ లేకుండా కూర్చోబెట్టే బెంచ్ అనే ఎవరైనా అనుకుంటారు. పైగా ఇంట్లో తల్లి జబ్బు మీద తన అదుపు ఏమీ లేని రోజుల్లో, అంతో ఇంతో తన చేతిలో ఉన్నది ఉద్యోగంలోని నైపుణ్యమే. అది కూడా చెప్పకుండా చేజారితే ఎంత బాధ కలుగుతుందో ఊహించవచ్చు. ఈ వారమే తనతో మాట్లాడి, ఎందుకలా చేశారో చెప్పి, నిర్ణయాన్ని తన చేతికే తిరిగి ఇవ్వండి. “కాల్స్‌లో ఏవి ఉంచుకుంటావు, ఏవి వదులుకుంటావు, కీమో ఉన్న రోజుల్లో ఎలా” అని అడిగితే, ఆ అమ్మాయి చెప్పే ఏర్పాటు మీరు ఊహించినదానికన్నా తేలికగా ఉండవచ్చు. డిజైన్ పని అంతా ఉంచుకుని, అర్ధరాత్రి ఆన్‌కాల్ ఒక్కటే వదులుకుంటానని కూడా అనవచ్చు.

గడియారం సంగతి కూడా చూడండి. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదింటికి పెట్టే సమావేశం వేసవిలో మనకు రాత్రి 9.30కి మొదలవుతుంది. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి జరపగానే అదే సమావేశం 10.30కి వస్తుంది. క్లయింట్‌కు ఏ మార్పూ తెలియదు, ఇక్కడ ఆసుపత్రిలో కూర్చున్నవారికి ఒక గంట నిద్ర పోతుంది. సమావేశాన్ని గంట ముందుగా పెట్టమని క్లయింట్‌ను అడగడం టీమ్ లీడ్ పని, ఆ అమ్మాయి పని కాదు. అడిగితే కాదనేవారు మీరనుకున్నంత మంది ఉండరు.

ఇంకొకటి, రేటింగ్. ఈ నెలల్లో తగ్గించుకున్న పనిని ఏడాది చివర పాత లక్ష్యాలతో కొలిస్తే మీరు చేసిన సాయమంతా తనకు శిక్షగా మారుతుంది. మార్చిన లక్ష్యాలను ఇప్పుడే మెయిల్‌లో రాసి, మీ మేనేజరు అంగీకారం కూడా తీసుకోండి. నోటి మాట మీరు వేరే ప్రాజెక్టుకు మారిన రోజున మీతోపాటే వెళ్లిపోతుంది. సాయం గురించి మాట్లాడే సమావేశంలో పనితీరు మెరుగుదల ప్రణాళిక ఊసు ఎత్తకండి. రెండూ అవసరమైన సందర్భాలు ఉంటాయి గానీ, రెండింటినీ కలిపితే మొదటిదాన్ని ఎవరూ నమ్మరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను వ్యాధిగా కాక, సరిగా చక్కదిద్దని పని ఒత్తిడి నుంచి పుట్టే స్థితిగా వర్ణించింది. అంటే దాన్ని చక్కదిద్దవలసిన చోటు ముందుగా పని జరిగే పద్ధతిలోనే ఉంది. మీ టీములో మిగతావారు కూడా రాత్రి పదకొండు దాకా కూర్చుంటున్నారంటే, ఆ అమ్మాయికి చేసిన మార్పు వారికీ కావాలేమో అడగండి.

ప్రశ్న: దుబాయిలో ఒక కట్టడం పనిలో ఫోర్‌మన్‌ను, మాది జగిత్యాల జిల్లా. మా క్యాంపులో మన ఊరివైపు తమ్ముడు ఒకడు పది రోజులుగా సరిగా తినడం లేదు, రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడు, పరంజీ మీద ఉన్నప్పుడు పిలిస్తే పలకడం లేదు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు గురించే ఎప్పుడూ మాట్లాడతాడు.

జవాబు: ఈ రోజు నుంచే అతన్ని ఎత్తు మీదికి పంపకండి, నేల మీద పని ఇవ్వండి. పిలిస్తే పలకకపోవడం, తికమకగా ఉండడం ఎండదెబ్బకూ లక్షణాలే కాబట్టి ముందు క్లినిక్కుకు తీసుకెళ్లండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన మీ సైటులో నిజంగా అమలవుతోందా అన్నదీ చూడవలసింది మీరే. ప్రొబేషన్ పూర్తయి ఉంటే అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవు ఉంటుంది. అందులో మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులకు సగం జీతం వస్తుంది. జీతం మొత్తం కోసేస్తారన్న భయంతో అతను జబ్బు దాస్తుండవచ్చు, అందుకే ఈ లెక్క అతనికి చెప్పండి.

అప్పు సంగతి ఒక్కరోజులో తేలదు. అయినా ఎంత అప్పు, ఎవరికి, నెలకు వడ్డీ ఎంత అన్నది కూర్చోబెట్టి రాయించి, అతని ఇంట్లో పెద్దవారితో మీరే ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. చాలా ఇళ్లలో కొడుకు అక్కడ ఏ స్థితిలో ఉన్నాడో తెలియకనే నెలనెలా డబ్బు అడుగుతుంటారు. ఇంటికి వెళ్లిపోతానని అతను గట్టిగా కోరితే ఆపకండి. పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. ఇవ్వకపోతే దుబాయిలోని మన కాన్సులేట్‌ను, దాని ఆధ్వర్యంలోని ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రాన్ని సంప్రదించండి. టికెట్టు, కాగితాలు తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో గదిలో రాత్రిపూట అతనికి తోడుగా ఎవరుంటారో మీరే నిర్ణయించి, ఆ మనిషికి రాత్రి డ్యూటీ పడకుండా చూడండి.